కోరంగి మడ అడవిలో ఒక వేసవి ఉదయం

వేసవి సెలవులు వచ్చాయంటే మా యానాంలో ప్రతి ఇంటా ఒకరిద్దరు పై ఊళ్ల పిల్లలు కనిపిస్తారు. చెన్నై నుంచి, బరంపురం నుంచి, బెంగుళూరు నుంచి తాతగారిళ్లకు దిగుతారు. మా ఇంటికి ఈసారి పుణె నుంచి మా అన్నయ్యగారి మనవరాలు వచ్చింది. తొమ్మిదో తరగతి. తెలుగు గలగలా మాట్లాడుతుంది గాని, చదవమంటే మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. వచ్చిన మూడోనాడు భోజనాల దగ్గర కూర్చుని ఉన్నట్టుండి, "చిన్న తాతయ్యా, గోదావరి మాంగ్రోవ్స్ గురించి మాకు పాఠం ఉంది. అవి మీ ఊరి పక్కనేనట కదా! మీరు చూశారా?" అని అడిగింది.

"చూడకేం! మడ అడవి కదూ, కాకినాడ వెళ్లినప్పుడల్లా చూస్తూనే ఉంటాం" అన్నాను దర్జాగా.

పక్కనే కూర్చున్న మా అత్తగారికి ఎనభై దాటాయి. ఆవిడ పుట్టిల్లు తాళ్లరేవు. మజ్జిగన్నం కలుపుకుంటూ, "అల్లుడుగారు బస్సు కిటికీలోంచి చూశారమ్మా. కిందికి దిగి ఎప్పుడూ చూడలేదు" అన్నారు. మా ఆవిడ నవ్వేసింది. నేను కాదనలేకపోయాను. యాభై ఏడేళ్లొచ్చాయి. చదివింది బి.కాం., చేసేది బ్యాంకు ఉద్యోగం. జమాఖర్చుల్లో పైసా తేడా వస్తే పట్టుకోగలను గాని, వేపకీ తురకవేపకీ తేడా చెప్పమంటే తడుముకుంటాను.

సరిగ్గా ఆ వారంలోనే మా సంఘం వారు ఒక ప్రకటన ఇచ్చారు. మే నెల రెండో ఆదివారం ఉదయం కోరంగి అభయారణ్యంలో మొక్కలను చూస్తూ నడక, వెంట వివరించడానికి మనిషి, పిల్లలతో సహా ఎవరైనా రావచ్చు అని. మండే మే నెలలో అడవికేమిటి అని నేను నసిగాను. మనవరాలు అప్పటికే నాలుగు పేర్లు రాయించి వచ్చేసింది. నాలుగో పేరు మా అత్తగారిది!

తెల్లవారుజామున ఐదున్నరకు మినీ బస్సులో బయలుదేరాం. పెద్దా చిన్నా కలిసి పద్ధెనిమిది మందిమి. పులిహోర డబ్బాలు, మజ్జిగ సీసాలు, టోపీలు, గొడుగులు సరేసరి. యానాం నుంచి అభయారణ్యం ఇరవై కిలోమీటర్ల లోపే. ఊరు దాటగానే ఆంధ్రప్రదేశ్ వచ్చేస్తుంది. తాళ్లరేవు రాగానే అత్తగారు కిటికీ దగ్గరకు జరిగి, చెక్క పడవలు కట్టే చోట్లు మనవరాలికి చూపించారు. ఆ పనికి తాళ్లరేవు నేటికీ పేరున్న ఊరే. దారి పొడవునా అక్కడక్కడ రొయ్యల చెరువులు, వాటిలో తిరుగుతున్న ఏరేటర్ చక్రాలు కనిపించాయి. వాటిని చూసి నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. ఎందుకో తరవాత చెబుతాను.

ఈ అభయారణ్యం ఇప్పటి కాకినాడ జిల్లాలో ఉంది. 1978లో ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. గౌతమీ గోదావరి సముద్రంలో కలిసేచోట పాయలు పాయలుగా విడిపోయి, పోటుకు ఉప్పునీరు, ఆటుకు నదినీరు కలగలిసే బురదనేలల్లో పెరిగిన అడవి ఇది. ఎదురుగా సముద్రంలో హోప్ ఐలాండ్ అనే ఇసుక దిబ్బ కాకినాడ తీరానికి అడ్డుగోడలా సాగి ఉంటుంది. అడవిలోకి నడిచి వెళ్లడానికి చెక్కలతో వంతెనలాంటి బాట వేశారు. కాళ్లకు బురద అంటకుండా అడవి నడుమకు వెళ్లిపోవచ్చు. పక్కనే ఉన్న చొల్లంగి మన పెద్దలకు బాగా తెలిసిన పేరే. పుష్యమాసపు అమావాస్యను చొల్లంగి అమావాస్య అనే పిలుస్తారు. సప్తసాగర యాత్ర ఇక్కడి స్నానంతోనే మొదలవుతుంది.

మాకు దారి చూపడానికి వచ్చిన కుర్రవాడికి ముప్పై ఏళ్లుంటాయేమో. దగ్గరలోని మత్స్యకారుల పల్లె వాడు. అటవీశాఖ తరఫున వచ్చినవాళ్లకు అడవి చూపించడం అతని పని. ముందే మూడు మాటలు చెప్పాడు. "ఆకు కోయకండి. ప్లాస్టిక్ పడేయకండి. తిల్ల చెట్టు పాలు ఒంటికి తగలనివ్వకండి. మిగతాది నేను చూసుకుంటాను."

బాట ఎక్కి పది అడుగులు వేశామో లేదో, వేడి తగ్గినట్టనిపించింది. తలపైన ఆకుల గొడుగు. కింద నల్లటి బురద. ఆ బురద నిండా పెన్సిళ్లు గుచ్చినట్టు జానెడేసి పుల్లలు నిలబడి ఉన్నాయి. ఎవరో కంచె వేయబోయి మానేశారనుకున్నాను. "అవి పుల్లలు కావండి, వేర్లు" అన్నాడు అతను. బురదలో గాలి ఆడదు. అందుకని ఈ చెట్లు వేళ్లను పైకి పంపి గాలి పీల్చుకుంటాయట. ఎదిగిన ఒక్కో చెట్టు చుట్టూ ఇలాంటివి వేల సంఖ్యలో ఉంటాయట. ఆటు సమయంలో ఊపిరి తీసుకోవడం, పోటు వచ్చినప్పుడు బిగబట్టడం. రోజుకు రెండుసార్లు ఇదే వరస.

అవి మడ చెట్లు. ఈ అడవికి ఆ పేరు వచ్చింది వీటివల్లనే. తెల్లమడ, నల్లమడ, విలవమడ అని మూడు రకాలున్నాయి. తెల్లమడ ఆకు అడుగుభాగం బూడిద రాసినట్టు తెల్లగా ఉంటుంది. నల్లమడ ఆకు కొంచెం వెడల్పు, కొస గుండ్రం. విలవమడ ఆకు సన్నగా, కొస కోసుగా ఉంటుంది. మేం వెళ్లేసరికి మడలు పూతమీద ఉన్నాయి. పసుపు, నారింజ కలిసిన చిట్టి పూలు గుత్తులుగా పూసి ఉంటే, తేనెటీగలు ముసురుకుని రొద చేస్తున్నాయి. వేసవిలో ఎందుకు రమ్మన్నారో అప్పుడర్థమైంది. ఊళ్లో చెట్లన్నీ వాడిపోయి ఉంటే, ఇక్కడ పూత!

"పాపా, ఆకును కోయకుండా వంచి, నాలుక అంచు తగిలించి చూడు" అన్నాడు అతను మా మనవరాలితో. అది భయం భయంగా తగిలించి, "తాతయ్యా! ఉప్పు!" అని కేక పెట్టింది. ఆ తరవాత పద్ధెనిమిది మందీ వరసగా వంగి ఆకులు నాకామంటే నమ్మండి. సంఘం అధ్యక్షులవారు కూడా.

సంగతేమిటంటే, ఉప్పునీటిలో బతకడానికి ఈ చెట్లు రెండు ఉపాయాలు పట్టాయి. మడ ఉప్పును నీటితోపాటు లోపలికి తీసుకుంటుంది, తీసుకున్నది ఆకుల మీది గ్రంథుల ద్వారా ఎప్పటికప్పుడు బయటకు తోసేస్తుంది. అలా ఆరిన ఉప్పే మేం రుచి చూసింది. ఉప్పుపొన్న పద్ధతి వేరు. ఉప్పులో చాలా భాగాన్ని వేరు దగ్గరే వడగట్టేసి లోపలికి రానివ్వదు. నా భాషలో చెప్పాలంటే, అప్పు తీసుకుని గడువు తప్పకుండా తీర్చేవాడు మడ. అసలు అప్పే చేయనివాడు ఉప్పుపొన్న. ఈ రెండు రకాల మనుషులూ ఉంటే బ్యాంకులకు మొండి బాకీల బాధే ఉండదు.

ఉప్పుపొన్నను గుర్తుపట్టడం నావంటి వాడికి కూడా తేలికే. మాను నుంచి వేళ్లు విల్లులా వంగి చుట్టూ బురదలోకి దిగుతాయి. గంజికర్రల మీద నిలబడిన మనిషిలా ఉంటుంది చెట్టు. కొమ్మలనుంచి మునగకాడల్లా ఆకుపచ్చగా ఏవో వేలాడుతున్నాయి. కాయలనుకున్నాం. కాదట, పిల్లలట! విత్తనం చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, మూరెడు దాకా సాగి, అప్పుడు తల్లిని విడిచి రాలుతుంది. కింద బురద ఉంటే నిలువునా గుచ్చుకుని అక్కడే నాటుకుంటుంది. పోటు ఉంటే నీటిలో తేలిపోయి, ఎక్కడ నేల దొరికితే అక్కడ పాతుకుంటుంది. మా ఎదుటనే ఒకటి బాటకు ఆనుకుని బురదలో గుచ్చుకుని ఉంది. కొసన రెండు ఆకులు తొడిగింది. మనవరాలు దాని ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది.

తిల్ల చెట్టును దూరం నుంచే చూశాం. కొన్ని ఆకులు పండి ఎర్రగా రాలబోతున్నాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గాని, కొమ్మ విరిస్తే కారే పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. "మా చిన్నప్పుడు కట్టెలు కొట్టేవాళ్లు తిల్ల జోలికి వెళ్లాలంటే మొహానికి గుడ్డ కట్టుకునేవారు" అన్నారు అత్తగారు. అక్కడి నుంచి మా దారి చూపరికి ఆవిడ సహాయకురాలైపోయారు. అతను గుగ్గిలం అని ఒక పొదను చూపిస్తే, ధూపం వేసే గుగ్గిలం వేరు, ఇది వేరు అని ఆవిడే మాకు విడమరచి చెప్పారు. దాని కాయ చిన్న కొమ్ములా వంగి ఉంటుంది. ఆల్చి ముళ్ల ఆకుల మధ్య నీలిరంగు పూలు పూసి ఉన్నాయి. గట్టువారగా దట్టంగా పెరిగిన ఇలకూర కనిపించగానే ఆవిడ ఆగిపోయారు. ఆ ఆకు చిన్నది, లావుగా, నీరు పట్టి ఉంటుంది. "ఇది పప్పులో వేస్తే ఉప్పు వేయక్కర్లేదమ్మాయ్. ముందోసారి ఉడకబెట్టి నీళ్లు పారబోయాలి. లేకపోతే నోట పెట్టలేం" అని మా ఆవిడకు చెప్పారు. పెళ్లయి ముప్పై ఏళ్లయింది, ఈ కూర సంగతి మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు. అడిగితే, "బజారులో దొరకనిదాని గురించి చెప్పి ఏం లాభం?" అన్నారు. వలలు నూలువిగా ఉన్న రోజుల్లో అవి చివికిపోకుండా మడ అడవి చెట్ల బెరడు ఉడికించి రంగు పట్టించేవారని కూడా ఆవిడే చెప్పారు.

బురదలో జీవం మాట చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తికాదు. ఒక డెక్క ఒంటికి మించిన పెద్దదిగా ఉన్న బుల్లి పీతలు, రమ్మని పిలుస్తున్నట్టు దాన్ని ఊపుతుంటాయి. నీరు లేకపోయినా బురద మీద గెంతే చేపలున్నాయి. ఇక్కడ నీటికుక్కలూ, చేపలు పట్టే బావురుపిల్లీ కూడా ఉంటాయి. మాకు వాటి దర్శనం కాలేదు. బురదలో పిల్లి అడుగులు మాత్రం అతను చూపించాడు.

బాట చివర పాయ ఒడ్డున నీడలో కూర్చుని పులిహోర తిన్నాం. అక్కడ అతను ఈ ప్రాంతపు పాత కథ చెప్పాడు. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే, ఓడలు ఆగే గొప్ప రేవు. 1789 డిసెంబరులో, మళ్లీ 1839 నవంబరులో వచ్చిన తుఫానుల్లో ఉప్పెన ముంచెత్తి వేలాదిమంది పోయారు. రేవు ఆ తరవాత పూర్వపు వైభవానికి రాలేదు. ఇక్కడి నుంచి ఓడలెక్కి బర్మా వెళ్లినవారు ఎందరో. బర్మాలో తెలుగువాళ్లను అందరినీ కలిపి కోరంగీలనే పిలిచేవారు. ఎక్కడివాడైనా సరే, తెలుగువాడైతే కోరంగి మనిషే! ఇది విని పుణె పిల్ల, "అయితే నేనూ కోరంగీనే" అంది. అందరం నవ్వాం. ఉప్పుపొన్న పిల్ల నాకు గుర్తొచ్చింది. వేరు మొలిచాకే కదా తల్లిని విడిచి నీళ్లలో పడేది!

ఆ నవ్వుల్లోనే ఎవరో, "ఇంతకీ ఈ అడవి వల్ల ఉపయోగం ఏమిటోయ్?" అని అడిగారు. అతను తడుముకోకుండా చెప్పాడు. "మా నాన్న 96 తుఫానులో పడవను ఈ పాయలోకి తెచ్చి మడచెట్లకు కట్టుకుని కూర్చున్నాడండి. బతికాడు. అది ఒకటి. రెండోది, మీరు తినే రొయ్య పిల్లగా ఉన్నప్పుడు పెరిగేది ఈ వేళ్ల మధ్యేనండి. రాలిన ఆకు కుళ్లితే దానికి తిండి. పెద్ద చేపకు దొరక్కుండా ఈ వేళ్లే చాటు. పిల్లరొయ్యకు ఇది పుట్టింటి లాంటిది."

నా చేతిలో పులిహోర అలాగే ఉండిపోయింది. ఇప్పుడు చెబుతాను, ఆ చెరువులను చూసి ఎందుకు మొహం తిప్పుకున్నానో.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1993లో, గోదావరి డెల్టాలోనే సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లె శాఖలో వేశారు. అవి టైగర్ రొయ్య బంగారం కురిపిస్తున్న రోజులు. పాఠకుల్లో పెద్దవారికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. నిన్నటిదాకా సైకిలు తొక్కినవాడు ఇవాళ కారులో దిగేవాడు. చెరువుల తవ్వకానికి అప్పులిమ్మని మాకు లక్ష్యాలుండేవి. భూమి పరిశీలించి నివేదిక రాయడం నా పని. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి గట్లవెంట తిరిగేవాణ్ణి. నివేదికలో 'భూమి స్వభావం' అని ఒక గడి ఉండేది. అందులో నేను ప్రతిసారీ ఒకే వాక్యం రాసేవాణ్ణి. "ఉప్పు పర్ర, తుప్పలు, నిరుపయోగం." పర్ర అంటే పంట పండని చవుడు నేల. ఆ తుప్పలేమిటో ఎన్నడూ అడగలేదు. అందులో మడ ఉంది, తిల్ల ఉంది. ఇవాళ తెలిసింది గనక చెబుతున్నాను, బహుశా ఇలకూర కూడా ఉండే ఉంటుంది.

అలా నా సంతకంతో ముప్పై నాలుగు ఎకరాలు తవ్వారు. గట్టు వేయడానికి అడ్డొచ్చినవన్నీ కొట్టేశారు. చట్టప్రకారం కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. అప్పట్లో నా చేత తప్పు చేయించినవారు ఎవరూ లేరు. నాకు తెలియదు, తెలుసుకోవాలనీ తోచలేదు. అంతే. 1994, 95 సంవత్సరాల్లో తెల్లమచ్చల వైరస్ వచ్చి తీరం పొడవునా రొయ్య చచ్చిపోయింది. అప్పులు మొండి బాకీలయ్యాయి. నేను అప్పిచ్చిన రైతుల్లో ఒకాయన ఇల్లు తాకట్టు పెట్టి, ఆపైన కుటుంబంతో సహా ఊరే విడిచి వెళ్లిపోయాడు. వెళ్లేముందు శాఖకు వచ్చి, నాకు నమస్కారం పెట్టి మరీ వెళ్లాడు. ఆ నమస్కారం నాకు ఇంకా బరువే.

ఆ తరువాత 1996 నవంబరు 6 రాత్రి తుఫాను. కోనసీమను, యానాం ప్రాంతాన్ని ఊపేసింది. సుమారు వెయ్యిమంది చనిపోయారు. అంతకంటే ఎక్కువమంది జాడ తెలియలేదు. వాళ్లలో చాలామంది సముద్రం మీదికి వెళ్లిన మత్స్యకారులు, బలుసుతిప్ప, భైరవపాలెం వంటి ఊళ్లవారు. మడ అడవి మరింత ఉంటే ఆ నష్టం ఎంత తగ్గేదో లెక్కకట్టడానికి నేను ఇంజనీరును కాను. కాని లోపలి పాయల్లో మడచెట్లకు పడవ కట్టుకున్నవాడు బతికాడని ఆ పడవవాడి కొడుకే నా ఎదుట నిలబడి చెబుతున్నాడు. అదే ఏడాది డిసెంబరు 11న, తీరప్రాంతపు రొయ్యల చెరువులపై సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తీరానికి ఆనుకుని ఇష్టారాజ్యంగా తవ్వకూడదని చెప్పింది. 2005లో ఈ సాగుకు ప్రత్యేక చట్టం వచ్చింది. అప్పటికి నా ముప్పై నాలుగు ఎకరాలు అటు చెరువులూ కాక, ఇటు పర్రా కాక పడి ఉన్నాయి.

ఇదంతా అక్కడే, ఆ పాయ ఒడ్డునే, మా వాళ్లకు చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. మా ఆవిడ మజ్జిగ పోస్తూ, "ఆ ఏడాది మీకు లక్ష్యం దాటారని మెచ్చుకోలు ఉత్తరం కూడా ఇచ్చారు. అటకమీద ఉంది" అంది. మనవరాలు మాత్రం ఆలోచించి ఒక్క ప్రశ్న వేసింది. "తాతయ్యా, రొయ్యలు వాటంతటవి పెరిగే చోటును కొట్టేసి, రొయ్యలు పెంచడానికి డబ్బులిచ్చారా?" వాణిజ్యశాస్త్రం చదవని పిల్ల. ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేసిన నాకంటే బాగా లెక్క తేల్చింది.

దారి చూపే అబ్బాయి నా మొహం చూసి జాలిపడ్డాడో ఏమో, "రండి సార్, ఇంకోటి చూపిస్తాను" అని కాస్త దూరం తీసుకెళ్లాడు. అక్కడ బురదలో నడుం వెడల్పు కాలవ ఒకటి సాగి ఉంది. దానికి రెండు వైపులా చేపముల్లులా పిల్ల కాలవలు. 1990ల చివరినుంచి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థవారు, అటవీశాఖవారు, చుట్టుపక్కల పల్లెల వారు కలిసి గోదావరి మడ అడవుల్లో ఈ పద్ధతి చేపట్టారట. చెట్లు నరికేసినచోట నేల కుంగుతుంది. పోటునీరు వచ్చి నిలిచిపోతుంది. ఎండకు ఆవిరై ఉప్పు పేరుకుంటుంది. అప్పుడు మడ కూడా మొలవదు. అందుకని ఇలా కాలవలు తవ్వి, పోటునీరు వచ్చేలా, ఆటుకు పోయేలా చేశారు. గట్లమీద మొక్కలు నాటారు. "నీళ్లు వచ్చి పోతుంటే చాలండి. మిగతా పని మడ చూసుకుంటుంది" అన్నాడు. ఆ కాలవ పొడవునా మనిషెత్తు మడలు గుబురుగా పెరిగి ఉన్నాయి.

ఒక సంగతి అక్కడే తెలిసింది. మడ ఉప్పునీటి చెట్టే అయినా ఉప్పు ఒక్కటే ఉంటే ఎదగదు. నదినుంచి వచ్చే మంచినీరూ కలవాలి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట పూర్తిచేసి డెల్టాకు అన్నం పెట్టాడు. అది కాదనలేం. ఇప్పుడు దాని స్థానంలో బ్యారేజీ ఉంది. వేసవిలో నీరంతా కాలవలకే మళ్లుతుంది గనక, కింద సముద్రం దాకా వచ్చేది చాలా తక్కువ. అందుకే మే నెలలో ఇక్కడి నీరు ఏడాదిలోకెల్లా ఉప్పన. మడకు ఇది కటకట కాలం. ఆ కటకటలోనే పూత పూసి, వానలు పడి గోదావరికి ఎర్రనీరు వచ్చేసరికి విత్తనాలు సిద్ధం చేసుకుంటుంది. కరువునెలలో ఖర్చు తగ్గించుకుని పైరుకు పెట్టుబడి దాచే రైతు ఇల్లాలిలాగ.

తిరుగుప్రయాణంలో తాళ్లరేవు దాటాక, రోడ్డు పక్కన పాడుబడిన చెరువు ఒకటి కనిపించింది. గట్టు తెగి, పోటునీరు లోపలికి వచ్చి పోతోంది. ఆ తెగిన చోట మోకాలెత్తు మొక్కలు నాలుగైదు. ఉదయం ఇదే దారిన వెళ్తూ చూశాను గాని, నా కంటికి అవి తుప్పలే. ఇప్పుడు మాత్రం ఆకు అడుగున బూడిదరంగు కనిపించి, "తెల్లమడ" అన్నాను పైకి. అత్తగారు తలవూపారు. నా జీవితంలో ఒక మొక్కను చూసి దాని పేరు నాకు నేనుగా చెప్పడం అదే మొదటిసారి.

పై ఊళ్ల నుంచి వచ్చే మన కుటుంబాలకు ఒక మాట. యానాం వస్తే ఫ్రెంచివారి నాటి గుర్తులు, గౌతమి ఒడ్డు చూసి వెళ్లిపోకండి. కాకినాడ నుంచి కూడా ఈ అభయారణ్యం సుమారు ఇరవై కిలోమీటర్లే. వేసవిలో వస్తే పొద్దుటిపూటే రండి, తాగేనీళ్లు దండిగా తెచ్చుకోండి, జారని చెప్పులు వేసుకోండి. ఆటు సమయం కనుక్కుని వస్తే వేళ్లూ, పీతలూ బాగా కనిపిస్తాయి. పదిమంది కలిసి, వివరించే మనిషిని వెంటబెట్టుకుని నడవండి. వీలైతే ఇంట్లో పెద్దావిడనొకరిని కూడా తీసుకురండి. పుస్తకాల్లో లేనివి ఆవిడ చెబుతారు.

మనవరాలు పుణె వెళ్లిపోయింది. వెళ్లేముందు తన నోటుబుక్కులో తెల్లమడ, నల్లమడ, విలవమడ, ఉప్పుపొన్న, తిల్ల, గుగ్గిలం, ఆల్చి, ఇలకూర అని తెలుగులో రాసుకుంది. 'ఇలకూర'లో 'ల'కు బదులు 'ళ' రాస్తే అత్తగారు దిద్దించారు. నాకు మాత్రం ఒక పని అప్పగించింది. బాట పక్కన రెండాకులు తొడిగిన ఉప్పుపొన్న పిల్ల ఈ వానలకు నిలబడిందో, కొట్టుకుపోయిందో చూసి ఉత్తరం రాయాలట. ఫోనులో చెబితే కుదరదట, తెలుగులో ఉత్తరమే కావాలట, కూడబలుక్కుని అయినా చదువుకుంటానంది.

ఎందరి భూములో చూసి నివేదికలు రాశాను. ఈ ఒక్కటి సరిగా చూసి రాయాలి. ఎర్రనీరు తగ్గగానే వెళ్లి వస్తాను.